వెయ్యకూడని రికార్డులు

మైకు సెట్టు మావయ్య పోయారని అత్తయ్య ఫోన్ చేసేటప్పటికి నేను బెజవాడలో ఆఫీసులో ఉన్నాను. "పొద్దున్నే టీ తాగారమ్మా. సాసరు కింద పెట్టి గోడకి ఆనుకున్నారు. అంతే," అంది. ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు భయం వచ్చింది. ఎందుకంటే ఒక సంగతి ఈ లోకంలో ఆయనకీ నాకూ మాత్రమే తెలుసు. ఇన్నేళ్ళూ నేను ఆయన వెనక దాక్కున్నాను. ఇప్పుడు ముందు నిలబడే మనిషి లేరు. ఆ సంగతి చెప్పకుండా ఆయన్ని తలుచుకోవడం నాకు చేతకావడం లేదు. అందుకని రెండూ కలిపే రాస్తున్నాను. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఆయన మాకు చుట్టం కాదు. అవనిగడ్డలో మా వీధి చివర ఆయన మైకు సెట్టు షాపు ఉండేది, ఊరందరికీ ఆయన మావయ్యే. మా చర్చిలో క్రిస్మస్‌కీ, పక్క వీధి గుడిలో కల్యాణానికీ, దివిసీమలో సగం పెళ్ళిళ్ళకీ ఆయన హారన్లే కట్టేవారు. కేసెట్లు వచ్చి, మిగతా మైకువాళ్ళంతా గ్రామఫోను రికార్డుల్ని పాత సామాన్లవాడికి వేసేస్తున్న రోజుల్లో ఆయన ఎదురు కొనుక్కొచ్చేవారు. గుడివాడలోనో పెడనలోనో ఎవరైనా మైకు సెట్టు ఎత్తేస్తున్నారని తెలిస్తే బస్సెక్కి వెళ్ళడం, వచ్చేటప్పుడు రికార్డుల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. కండక్టరు పైన పెట్టమంటే, "పసిపిల్లనైతే పైన పెడతావా?" అనేవారట. అలా పోగైనవి పదకొండు వందల పైచిలుకు.

ఆయనంత భయస్థుణ్ణి నేను చూడలేదు. గాలికి భయం, వైరు అతుకులకి భయం, రికార్డు పక్కన ఎవరైనా గట్టిగా నడిస్తే భయం. మిగతావాళ్ళలా "హలో హలో, మైక్ టెస్టింగ్" అనడం ఆయన నోట ఎవరూ వినలేదు. గోటితో మైకుని రెండుసార్లు తట్టి చూసుకునేవారు. ఎందుకు మావయ్యా అని ఒకసారి అడిగాను. "మాట్లాడితే అందరిళ్ళల్లోకీ వెళ్ళిపోద్దమ్మా. తలుపు కొట్టకుండా దూరడమేగా అది. పాటంటే సరే, పాటని పిలిచారు. నన్నెవరు పిలిచారు?" అన్నారు. సముద్రం పక్క ఊళ్ళలో ఇంకో నియమం కూడా ఉండేది. వేటకి వెళ్ళిన పడవలన్నీ లెక్కకి వచ్చేదాకా హారన్ కట్టేవారు కాదు. పెళ్ళివారు తొందరపెట్టినా, "ఇంకోటి రావాలంటున్నారండి, రానివ్వండి," అని రేవు వైపు చూస్తూ కూర్చునేవారు.

ఆ భయమంతా ఒక పుస్తకంలో ఉండేది. ఆయన దగ్గర మూడు పొడుగు నోటుపుస్తకాలు ఉండేవి. మొదటిదాంట్లో రికార్డుల నంబర్లు, రెండోదాంట్లో ఏ సందర్భానికి ఏవి వెయ్యాలో ఉండేవి. మూడోదాని అట్ట మీద "వెయ్యకూడనివి" అని రాసుకున్నారు. ఒక ఇంట్లో ఎవరైనా పోతే, ఆ పోయినవాళ్ళకి ఇష్టమైన పాట ఏదో మెల్లగా కనుక్కుని అందులో రాసేవారు. ఆ ఇంట్లో మళ్ళీ శుభకార్యం జరిగినప్పుడు ఆ పాట రాదు. ఎవరూ అడగక్కర్లేదు, అసలు ఎవరికీ తెలియను కూడా తెలియదు. కారణం రెండు మూడు మాటలు మించి రాయరు. "బడి వెనక మేడ, 47, పెద్దమ్మాయి." "జట్కా సాయిబు ఇల్లు, వాన పాటలేవీ వద్దు, గోడ." పెడనలో అద్దకం పనివాళ్ళ ఇంటికి ఎదురుగా "అలక పాట వద్దు, నిజంగానే వెళ్ళిపోయింది" అని ఉండేది. ఒకచోట మాత్రం "నల్లనయ్య పాట వద్దు, కొత్తల్లుడు" అని ఉంటే పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఆ అబ్బాయి విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడమ్మా," అన్నారు.

ఇవన్నీ మీకు గుర్తుండవా అని అడిగితే ఆయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినబడుతూ ఉంటుంది. "గుర్తుంచుకోడానికి రాస్తాననుకున్నావా? మర్చిపోడానికి రాస్తాను. ఇన్ని బుర్రలో పెట్టుకుని పెళ్ళి పందిట్లో కూర్చోగలనా? పుస్తకంలో ఉన్నాయిలే అన్న ధైర్యంతోనే అన్నం తింటున్నాను."

తొంభైల చివర్లో నేను డిగ్రీ అయ్యి, బందర్లో ఒక చిన్న కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. రోజూ అవనిగడ్డ నుంచి బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. వచ్చింది తక్కువ, వచ్చనుకున్నది ఎక్కువ. మా సెంటర్లో కొత్త గది తెరిచిన రోజు మైకు కట్టడానికి మావయ్య వచ్చారు. పనయ్యాక వెళ్ళకుండా తెర ముందు నిలబడి, నేను ఒక పేరు కొడితే ఆ పేరున్న విద్యార్థులు వరసగా రావడం చూశారు.

"ఏదడిగితే అది వెతుకుద్దా?"

"మనం పెట్టిందేదైనా వెతుకుతుంది మావయ్యా."

"పెట్టనిది?"

"పెట్టనిది లేదంటుంది."

"లేదంటుందా, తెలీదంటుందా?" అన్నారు. రెండూ ఒకటే మావయ్యా అన్నాను. ఆ మాట అన్నప్పుడు నేను నవ్వుతూ ఉన్నానని కూడా నాకు గుర్తుంది.

అప్పటికి ఆయన చూపు మందగిస్తోంది. పుస్తకాల అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. అందుకే కంప్యూటర్లో ఎక్కిస్తానంటే ఒప్పుకున్నారు. ఆదివారం చర్చి అవగానే ఇద్దరం బందరు బస్సెక్కేవాళ్ళం. సెంటర్ ఖాళీగా ఉండేది. ఆయన చదివేవారు, నేను కొట్టేదాన్ని. ఆ కంప్యూటర్లో తెలుగు లేదు, తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. రికార్డు నంబరు, పాట మొదటి ముక్క, పాడినవాళ్ళు, ఏ సందర్భం అని నేను గడులు గీసుకున్నాను. ఆయన చెప్పేవి ఆ గడుల్లో పట్టేవి కావు. "దీని అట్ట మీద పసుపు మరకుంటది." "ఇది మూడో చరణం దగ్గర దగ్గుద్ది." "ఇది ఎండలో వంగిపోయింది గానీ పాడుద్ది, దాన్ని తొందరపెట్టకూడదు." ఆఖరికి "గుణం" అని ఒక గడి పెట్టి అవన్నీ అందులో పడేశాను. ఆయనకి ఆ గడే అన్నిటికంటే నచ్చింది.

మొదటిసారి వెతికిన రోజున "జోల" అని కొట్టించారు. ముప్ఫై ఒక్క పాటలు తెర నిండా వచ్చాయి. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇన్ని ఉన్నాయా నా దగ్గర?" అన్నారు. ఆ మొహం చూసి నేను ఏదో గొప్ప పని చేస్తున్నానని నమ్మాను.

తర్వాత ఇళ్ళ వంతు వచ్చింది. ప్రతి ఇంటికీ ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరుకి ఆ ఇంట్లో వెయ్యకూడని రికార్డుల్ని ముడిపెట్టాలి. పేరు గడిలో పన్నెండు అక్షరాలకే చోటు పెట్టాను. కంప్యూటర్లో చోటు పొదుపు చెయ్యడం తెలివైన పని అని నాకు నేర్పారు. నేను ఎంత పొడుగ్గా కొట్టినా పన్నెండు దాటినదాన్ని కంప్యూటర్ కిక్కురుమనకుండా కోసేసింది. ఒకరోజు ఆయన లేనప్పుడు ఇళ్ళ జాబితా అక్షరాల వరసలో పెట్టి చూశాను. సముద్రం పక్కనున్న ఒకే ఊళ్ళో నాంచారయ్య నాలుగుసార్లు ఉన్నాడు. పక్క గడిలో ఇంటిపేరు కూడా ఒకటే. ఒకే మనిషిని నాలుగుసార్లు ఎక్కించాననుకుని మూడు తీసేశాను. జాబితా శుభ్రంగా కనిపించింది.

మా ప్రాంతం వాళ్ళకి ఇది చదవగానే గుండె జారి ఉంటుంది. ఆ తీరంలో ఒక్కో ఊళ్ళో పదిమంది నాంచారయ్యలుంటారు. ఇంటిపేర్లు కూడా అవే. మావయ్య పుస్తకంలో "నాంచారయ్య, రేవు గట్టు" అనీ, "నాంచారయ్య, కొత్త బావి" అనీ వివరంగానే ఉంది. కంప్యూటర్ కోసేసింది ఆ వివరాన్నే. అయినా నేను ఆ గడ్డ మీద పుట్టినదాన్ని. నా క్లాసులోనే ముగ్గురు నాంచారయ్యలు చదివారు. వీధిలో నిలబడితే తెలిసిన సంగతి తెర ముందు కూర్చునేటప్పటికి నాకు తెలియకుండా పోయింది. ఇళ్ళు పోగానే వాటికి ముడిపెట్టిన వెయ్యకూడనివాటి జాబితా కూడా పోయింది.

ఆ వేసవిలో ఆ ఊళ్ళోనే ఒక నాంచారయ్యగారింట్లో కూతురి పెళ్ళి. నాగాయలంక దాటాక మడ అడవుల పక్కన ఉండే ఊరు. నేను ఆ ఇంటి పేరు కొట్టి, పెళ్ళికి పనికొచ్చే రికార్డుల జాబితా తీసి, మడతల కాగితం మీద అచ్చు వేశాను. అడుగున "వెయ్యకూడనివి: రెండు" అని కూడా వచ్చింది. ఆ రెండూ వేరే నాంచారయ్యవని నాకు తెలియదు. మావయ్య ఆ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, "రెండేనా?" అన్నారు. రెండే మావయ్యా అన్నాను.

పనితనం కళ్ళారా చూసుకుందువుగాని రమ్మని నన్ను కూడా తీసుకెళ్ళారు. పొద్దున్నే వ్యానులో వెళ్తుంటే, "పుస్తకం తెచ్చావా?" అని అడిగారు. మూడో పుస్తకం నా దగ్గరే, బందర్లో ఉండిపోయింది. కాగితం ఉండగా పుస్తకం ఎందుకన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "నాకు కాస్త భయంగా ఉందమ్మా," అన్నారు. "మీకెప్పుడు లేదు మావయ్యా?" అని ఆట పట్టించాను. వ్యాను నడిపే ఆయన కూడా నవ్వాడు.

పెళ్ళి కాబట్టి ఆ రోజు ఎవరూ వేటకి వెళ్ళలేదు. పడవలన్నీ పాయలో కట్టేసి ఉన్నాయి. మావయ్య స్వయంగా వెళ్ళి చూసుకుని వచ్చాకే హారన్లు కట్టించారు. తొమ్మిది గంటలకి పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. నేను కాగితం చూసి నంబరు చెప్తున్నాను, ఆయన తీసి వేస్తున్నారు. పది పన్నెండు పాటలయ్యాయి. నాకు గర్వంగా ఉంది. "మూడు వందల పద్దెనిమిది," అన్నాను. అది హుషారు పాట, ఆడగొంతు, ఎవరికైనా కాళ్ళాడే పాట.

మొదటి చరణం మధ్యలో పందిట్లో మాటలు తగ్గాయి. నేను పెద్దగా పట్టించుకోలేదు. మావయ్య తల ఎత్తారు. తోరణం కడుతున్న పెళ్ళికూతురి తండ్రి మామిడాకులు చేతిలో పట్టుకుని మా వైపు చూస్తూ నిలబడిపోయాడు. మావయ్య రికార్డు మీది ముల్లు గర్రుమంటూ ఎత్తేశారు.

"ఇది ఏ నాంచారయ్య ఇల్లు?" అని నన్నడిగారు.

"ఒక్కరేగా మావయ్యా."

"నలుగురున్నారే," అన్నారు ఆయన.

ఆ ముగ్గుర్నీ తీసేసింది నేను. ఏదో జరిగిందని తెలుసు, ఏం జరిగిందో తెలియదు. అప్పుడు లోపల్నించి ఎవరో ఆడమనిషి, "వీరమ్మొదిన ఏదే?" అని అడగడం వినిపించింది. వీరమ్మ పెళ్ళికూతురి తల్లి. పసుపు పళ్ళెం అరుగు మీద ఉంది. ఆవిడ లేదు.

మగవాళ్ళు రేవు వైపు పరిగెత్తారు. ఆడవాళ్ళు సరుగుడు తోట వైపు వెళ్ళారు. సముద్రం పోటు ఎక్కుతున్న వేళ. పెళ్ళికూతురు పసుపు బట్టలతో అరుగు మీద నిలబడి అమ్మా, అమ్మా అని పిలుస్తోంది. ఆ పిలుపు వింటూ నేను కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ ఉన్నాను. ఆవిడకి ఏమైనా అయితే నేను చంపినట్టే. నా బుర్రలో ఇంకో ఆలోచన లేదు. లేదనడం కూడా అబద్ధమే. ఇది నా వల్లే అని ఎవరికైనా తెలుస్తుందేమో అన్న ఆలోచన కూడా అందులోనే ఉంది.

మావయ్య ఇద్దరు మనుషుల్ని పిలిచి, ఒక హారన్ని సముద్రం వైపు తిప్పించారు. తర్వాత మైకు చేతిలోకి తీసుకున్నారు. ఆయన మైకులో మాట్లాడగా ఎవరూ వినలేదని చెప్పానుగా. ఆ రోజు మాట్లాడారు.

"వీరమ్మక్కా. నేను మైకు సెట్టోణ్ణి. రికార్డు తప్పు వేశాను. ఇయ్యాల మన రేవులో ఏ పడవా వెళ్ళట్లేదు. అన్నీ కట్టేసే ఉన్నాయి. తాళ్ళు నేను చూసొచ్చాను. ఇంటికి రా అక్కా."

ఆపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అదే. ఒక్క మాట మార్చకుండా, గొంతు పెంచకుండా అరగంట పైనే చెప్పారు. చివరికి గొంతు బొంగురుపోయింది. ఆ మాటలకి అర్థం ఏమిటో ఊరందరికీ తెలుసు, నాకు తప్ప.

ఆవిడ మడ చెట్ల మధ్య పాయలో దొరికింది. గుండెల దాకా నీళ్ళు. కట్టేసి ఉన్న ఒక పడవ తాడుని రెండు చేతులా పట్టుకుని, పడవని వెనక్కి లాగుతూ ఉందట. మైకులో మాటలు వినపడ్డాక లాగడం ఆపి, అలా పట్టుకుని నిలబడిపోయిందట. నలుగురు ఆడవాళ్ళు వేళ్ళు విడదీసి తీసుకొచ్చారు.

పెళ్ళి జరిగింది. రికార్డులు లేకుండా జరిగింది. ఊరి పెద్దలు మావయ్యని నిలబెట్టి ఏం జరిగిందని అడిగారు. నేను ఆయనకి రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవాలనుకున్నాను, తెరవలేదు. "నా పొరపాటేనండి. కళ్ళు సరిగ్గా ఆనట్లేదు. ఒకటి తియ్యబోయి ఒకటి తీశాను," అన్నారు ఆయన. వీరమ్మ భర్త అనరాని మాటలన్నాడు. ఆయన చేతులు కట్టుకుని అన్నీ విన్నారు.

తిరిగి వస్తుంటే, వ్యాను వెనక హారన్ల మధ్య కూర్చుని, ముగ్గుర్ని తీసేసిన సంగతి ఆయనకి చెప్పాను. అప్పుడు ఆయన చెప్పారు. పదేళ్ళ కిందట, ఆ ఊరి జాతర రోజున తెల్లారగట్లే ఆయన ఆ పాట వేశారట. వీరమ్మ పెద్దకొడుక్కి ఒళ్ళు వెచ్చగా ఉంది, వేటకి వెళ్ళొద్దంది. వాడు వినకుండా వెళ్ళాడు. పొయ్యి దగ్గర పని వదిలేసి, ఆ పాట వస్తుండగానే ఆవిడ ఆపడానికి పరిగెత్తింది. గట్టు ఎక్కేటప్పటికి పడవ దూరం వెళ్ళిపోయింది. పడవ వెనక్కి వచ్చింది గానీ కొడుకు రాలేదు. అప్పట్నించే మావయ్య ఆ ఊళ్ళలో పడవల లెక్క అడగడం మొదలుపెట్టారట. పుస్తకంలో "నాంచారయ్య, రేవు గట్టు, 318, పెద్దాడు" అని రాసి, రాశాను కదా అని మర్చిపోయారు.

"నేను చెప్పేస్తాను మావయ్యా. వెనక్కి తిప్పమనండి," అన్నాను. తిప్పరని తెలిసే అన్నానేమో.

"ఇప్పుడు చెప్తే నీ బరువు దిగుద్ది. ఆవిడకేం దిగుద్ది? ముందు ఆ ముగ్గుర్నీ వెనక్కి పెట్టు," అన్నారు.

పెట్టాను. పేరు గడి పెద్దది చేశాను. పుస్తకం పక్కన పెట్టుకుని ప్రతి ఇల్లూ మళ్ళీ సరిచూశాను. ఆయన ఆ ప్రోగ్రాముని పారెయ్యమంటారనుకున్నాను. అనలేదు, చిన్న మార్పు మాత్రం అడిగారు. ఆ తర్వాత అచ్చు వేసిన ప్రతి కాగితం అడుగునా ఆయన చెప్పిన వాక్యం ఉండేది. "ఇందులో కనపడనివి లేవని కాదు. నాకు తెలియదు. అడిగి వెయ్యాలి." ఇప్పుడు నేను ఆసుపత్రులకి రోగుల వివరాలు దాచే ప్రోగ్రాములు రాస్తున్నాను. ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే తీసెయ్యకూడదని గొడవపడేది నేనే. పేరు దొరక్కపోతే "లేదు" అనే మాట తెర మీద రాకూడదంటాను. కొత్తగా చేరినవాళ్ళు మేడమ్‌కి చాదస్తం అనుకుంటారు. చాదస్తం కాదు, భయం. మావయ్య దగ్గర నేర్చుకున్నదల్లా భయపడుతూ పని చెయ్యడమే.

ఆ ఊరు మళ్ళీ ఆయన్ని పిలవలేదు. ఆ దారిలో ఉన్న మరో ఐదారు ఊళ్ళు కూడా మానేశాయి. కళ్ళు కనపడని ముసలాడు అన్న పేరు పడింది. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆ మాట ఎత్తేదాన్ని. "నేనుండగా వద్దులే. నాదే తప్పని నలుగుర్లో చెప్పాను, ఇప్పుడు అబద్ధమంటే నా పరువేం కాను?" అని తేలిక చేసేవారు. నేను కూడా తేలికపడి వచ్చేసేదాన్ని. ఇన్నేళ్ళూ అలాగే గడిపాను.

కర్మకాండలయ్యాక అత్తయ్య మూడో పుస్తకం నా చేతిలో పెట్టింది. ఆ పేజీ తీశాను. "నాంచారయ్య, రేవు గట్టు, 318, పెద్దాడు." దాని కింద వేరే సిరాతో ఇంకో వరస ఉంది. "వేశాను. చూసుకోలేదు." నేను తప్ప ఇంకో మనిషి చూడని పుస్తకంలో కూడా ఆయన నా పేరు రాయలేదు. అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు ఆ ఊరు వెళ్ళాను. బస్సులో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను. భర్త పోయి రెండేళ్ళయిందట, వీరమ్మగారు అరుగు మీద కూర్చుని ఎండుచేపలు ఏరుతున్నారు. ఆ రోజు పెళ్ళికూతురు ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఆవిడ కూడా అక్కడే ఉంది. నేను నిలబడే చెప్పాను.

"పెద్దమ్మా, ఆ రోజు పాట తప్పు వేసింది మావయ్య కాదు. తప్పు నాది."

"ఎట్టా?" అన్నారు, చెయ్యి ఆపకుండా.

కంప్యూటర్ గురించి ఎలా చెప్పాలో తెలియలేదు. నాలుగు ఇళ్ళకి ఒకే పేరు కనపడితే మూడు తీసేశానన్నాను.

"మా ఇల్లు తీసేశావా?"

"తీసేశాను."

"పొరపాటనుకున్నావా మమ్మల్ని?"

"అవును పెద్దమ్మా."

కూతురు లేచింది. "మా నాన్న ఆయన్ని ఎన్నెన్ని మాటలన్నాడో తెలుసా నీకు? తర్వాత రెండుసార్లు అమ్మని చూడటానికొస్తే గుమ్మం ఎక్కనివ్వలేదు. నువ్వెక్కడున్నావు అప్పుడు?" ఆయన మళ్ళీ వెళ్ళారన్న సంగతే నాకు తెలియదు.

వీరమ్మగారు ఏరిన చేపలు బుట్టలో వేసుకుని, చేతులు తుడుచుకున్నారు. క్షమించానని గానీ పొమ్మని గానీ అనలేదు. "ఆ పాట ఉందా ఇంకా?" అని అడిగారు.

"అత్తయ్య దగ్గరుంది."

"చివర ఏమొస్తది అందులో?"

నాకు అర్థం కాలేదు.

"రెండుసార్లూ సగంలోనే పరిగెత్తాను. చివరిదాకా నేనెప్పుడూ వినలా. పిల్లోడు పడవలో వినే ఉంటాడు. ఆయాల గాలి అటే కొట్టింది."

కూతురు వద్దమ్మా అంది. నేను కూడా వద్దనే అనబోయాను. "ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని కూర్చోండి. నేను లేచినా వదలమాకండి," అన్నారు ఆవిడ.

పోయిన ఆదివారం మావయ్య ప్లేయరూ, 318వ నంబరు రికార్డూ ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ వెళ్ళాను. వేటకి వెళ్ళిన పడవలన్నీ వచ్చాయా అని ముగ్గుర్ని అడిగాను. వచ్చాయన్నాకే మూత తీశాను. హారన్ లేదు, ఇంట్లోకి వినపడేంత చప్పుడే. ముల్లు పెట్టి, వెళ్ళి ఆవిడ కుడి చెయ్యి పట్టుకున్నాను. ఎడమ చెయ్యి కూతురు పట్టుకుంది. ఆ హుషారు గొంతు మొదలవగానే ఆవిడ ఒళ్ళంతా బిగుసుకుంది. ఇంకోసారి చంపుతున్నానా అనుకున్నాను. ఆ రోజు కంగారులో ముల్లు ఎత్తినచోట రికార్డు మీద గీత పడింది, అక్కడ టక్కుమంది. ఆవిడ లేచారు. మేం వదల్లేదు. నిలబడే, గుమ్మం వైపు చూస్తూ, మా ఇద్దరి చేతుల్నీ లాగుతూ ఉండగా పాట ఆ గీత దాటి ముందుకి వెళ్ళింది. రెండో చరణం వచ్చింది. మెల్లగా ఆవిడ మొహం ప్లేయరు వైపు తిరిగింది. మళ్ళీ కూర్చున్నారు.

పాట అయిపోయింది. రికార్డు మాత్రం తిరుగుతూనే ఉంది, ముల్లు లోపలి గీతలో గరగరమంటోంది. దాన్ని ఎత్తాలంటే ఇద్దరిలో ఒకరం ఆవిడ చెయ్యి వదలాలి. నేను లేవలేదు. కూతురూ లేవలేదు.